స్టెపినీకి పూర్తి అదనపు బాధ్యతలు

మా చీపులపేట పశువైద్యశాలకు ఒక చిన్న కారు ఉంది. దానికి నాలుగు చక్రాలు, వాటికి నాలుగు టైర్లు. ఈ మాట చదవగానే మీరు నమ్మేశారు. ఎందుకంటే మీరు ప్రభుత్వం కాదు. ప్రభుత్వం నమ్మాలంటే ఆ టైర్లు రోజూ పొద్దున్నే మొహం చూపించి హాజరు వేయించుకోవాలి.

వెటకారం కాదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఆ మధ్య పశువైద్య శాఖకు 'సమగ్ర సేవా దర్పణం' అని ఒక యాప్ వచ్చింది. అంతకు ముందు సామాన్లకో పుస్తకం, సిబ్బందికో పుస్తకం ఉండేవి. రాజధానిలో ఎవరో మహా తెలివైనవాడికి ఇది దుబారాగా కనిపించింది. రెండింటినీ కలిపేశాడు. కలిపేటప్పుడు సామాన్ల గడి ఎగిరిపోయి సిబ్బంది గడి మిగిలింది. తప్పు జరిగిందని ఒప్పుకుంటే ఎవడి ఉద్యోగమో పోతుంది కాబట్టి దాన్ని సిద్ధాంతం చేశారు. ఉత్తర్వు వచ్చింది: "సేవలందించునది ఏదైనను సిబ్బందియే. సిబ్బందికి వర్తించు నిబంధనలు యావత్తూ దానికి వర్తించును."

ఆ రోజు నుంచి ఆఫీసులో కుర్చీలు, బకెట్లు, మందులు పెట్టే ఫ్రిజ్, కారు టైర్లు అన్నీ ఉద్యోగులే. కుర్చీలతో, బకెట్లతో ఏ పేచీ రాలేదు. అవి రోజూ ఆఫీసుకొస్తాయి, ఉన్నచోటే ఉంటాయి, ఏ పనీ చెయ్యవు. పాత సిబ్బందికీ వాటికీ తేడా ఎవరికీ తెలియలేదు. పేచీ అంతా టైర్లతో వచ్చింది. అవి పని చేస్తాయి, చేసి అరిగిపోతాయి.

డ్రైవరు తౌడు రోజూ కారు పక్కన గొంతుకూర్చుని ఒక్కో టైరు ముందూ ఫోను పెట్టి హాజరు వేయించేవాడు. కొత్తలో తీసిన ఫొటోలో టైర్లకు గాడులు, గీతలు నిండుగా ఉండేవి. రోజులు గడిచేకొద్దీ అవి అరిగి నున్నటి బోడిగుండ్లయ్యాయి. యాప్ వాటిని గుర్తుపట్టడం మానేసింది. 'ముఖం సరిపోలలేదు' అంది. గైర్హాజరు వేసింది. నాలుగు టైర్లకూ నాలుగు మెమోలొచ్చాయి. తౌడు వాటిని పురికొసతో టైర్లకే కట్టాడు. మెమోలు కట్టుకున్న టైర్లతోనే ఆ కారు ఇంకొన్నాళ్లు తిరిగింది.

తర్వాత ఒకనాడు దిబ్బగూడ ఎక్కే దారిలో, రాళ్ల వంపు దగ్గర, అది పైకి పోవడం మానేసి వెనక్కి జారింది. కారులో డాక్టరమ్మ హైమవతి ఉంది. ఒక చింతచెట్టు అడ్డం ఉండబట్టి ఆవిడ ఇవాళ ఉంది. చెట్టు సిబ్బంది కాదు కాబట్టి దానికి ఎవరూ ప్రశంసాపత్రం ఇవ్వలేదు.

దిబ్బగూడ కొండ మీది ఊరు. బస్సు పోదు. అక్కడ నరసాయమ్మ అని మా కూలీ సంఘం మనిషి ఉంది. మొగుడు లేడు, సెంటు భూమి లేదు. ఉన్నది ఒక్క గేదె, పేరు బంగారి. ఆ గేదె పాలు కేంద్రంలో పోస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పోయిన ఈతలో దూడ లోపలే తల వెనక్కి తిప్పేసుకుంది. డాక్టరమ్మ కారులో సమయానికి పోయి చెయ్యి పెట్టి లాగితే దూడ దక్కలేదు గానీ గేదె దక్కింది. ఇప్పుడు బంగారి మళ్లీ చూడిది. నెలలు నిండుతున్నాయి. కారు కొండ ఎక్కడం లేదన్న కబురు వినగానే నరసాయమ్మ కొండ దిగి సంఘం ఆఫీసుకొచ్చింది.

"బాబూ, ఈపాలి గూడా అడ్డం తిరిగితే నా గేదె బతకదు. అది పోతే నాను గూడా పోయినట్టే. ఆ కారుకి సెక్రాలేయించండి" అంది.

నాలుగు టైర్లు మార్చడం ఎంత పని అనుకున్నాను. ఇన్నేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నా అంత తేలిగ్గా ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

* * *

పశువైద్యశాల, జాయింట్ డైరెక్టరు ఆఫీసు ఒకే ఆవరణలో ఉంటాయి. కింద పశువులు, మేడ మీద అధికారులు. నేనూ, నరసాయమ్మా, తౌడూ మేడెక్కి సూపరింటెండెంట్ వరదరాజులు గారి ముందు నిలబడ్డాం. ఆయన మంచివాడే. లంచం తీసుకోడు, పనీ చెయ్యడు. రూలు పుస్తకం తప్ప ఆయనకు వేరే వ్యసనం లేదు.

"టైర్లు మార్చాలా? మార్చడమంటే ఏమిటి? బదిలీయా, తొలగింపా, పదవీ విరమణా?" అన్నారు.

"అరిగిపోయాయి సార్, తీసేసి కొత్తవి వెయ్యాలి" అన్నాను.

"తీసేయడానికి వాటి మీద అభియోగాలు లేవు. గైర్హాజరు ఒక్కటే ఉంది. పదవీ విరమణ అంటారా, అరవై రెండేళ్లు నిండాలి."

"టైరుకా?"

"టైరుకు వేరే వయసు రూల్సులో లేదు. లేదు కనుక ఉన్నదే వర్తిస్తుంది. సర్వీసులో చేరి నాలుగేళ్లయింది. ఇంకా చాలా భవిష్యత్తు ఉంది."

నరసాయమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అంటే ఏటి బాబూ, టైరు ముసిల్దయ్యీదాకా నా గేదె ఈనకుండా ఉండాలేటి?"

"అమ్మా, ప్రసవం గేదె వ్యక్తిగత విషయం. శాఖ అందులో జోక్యం చేసుకోదు."

"జోక్యం సేసుకోడానికే గదేటి నాయనా ఈ ఆస్పత్రెట్టినారు?"

ఇలాంటి ప్రశ్నలు వచ్చినప్పుడు ఆయన పుస్తకం తిరగేస్తారు. తిరగేశారు. కాసేపటికి మొహం వెలిగింది.

"ఒక మార్గం ఉంది. అనారోగ్య కారణాలపై విరమణ. మెడికల్ బోర్డు సిఫార్సు చేయాలి."

"ఏ మెడికల్ బోర్డు సార్ టైరును చూసేది?"

"శాఖలో డాక్టరు ఎవరో ఆ డాక్టరే."

అలా డాక్టరమ్మ హైమవతి, పశువైద్యంలో బంగారు పతకం తెచ్చుకున్న మనిషి, మెడలో స్టెతస్కోపు వేసుకుని నాలుగు టైర్లను పరీక్షించింది. ఫారంలో ఉన్న గడులన్నీ నింపాలి కదా. 'చర్మం: ఆసాంతం పగుళ్లు. గిట్టలు: పూర్తిగా అరుగుదల. శ్వాస: నింపినది సాయంత్రానికి నిలవడం లేదు. ఆకలి: లేదు. నెమరు: లేదు.' కింద సంతకం పెట్టి నా వైపు చూసింది.

"నవ్వకండి. నవ్వితే నాకు ఏడుపొస్తుంది" అంది.

"మీరు తౌడు మోటారు సైకిలు మీద దిబ్బగూడ వెళ్లకూడదా అమ్మా?" అని అడిగాను.

"ఒకసారి వెళ్లాను. మెమో వచ్చింది. శాఖా వాహనం ఉండగా ఇతర వాహనంపై పర్యటించుట శాఖా వాహనాన్ని కించపరచుట అని. ఇంకోసారి వెళ్తే బదిలీ చేస్తారట. నన్ను బదిలీ చేస్తే ఇక్కడికి ఇంకో డాక్టరు ఎప్పుడొస్తాడో మీకు తెలుసు."

తెలుసు. ఆవిడకు ముందు ఆ కుర్చీ మూడేళ్లు ఖాళీగా ఉంది.

* * *

టైర్ల పదవీ విరమణ సభ ఘనంగా జరిగింది. ఆవరణలో షామియానా వేశారు. నాలుగు టైర్లకూ పసుపు రాసి బొట్లు పెట్టారు, దండలు వేశారు, శాలువాలు కప్పారు. జాయింట్ డైరెక్టరు విశ్వంభర్ గారు స్వయంగా వచ్చి మాట్లాడారు. ఆయన ఏది మాట్లాడినా పైవాళ్లకు వినిపించాలనే మాట్లాడతారు.

"ఈ నలుగురూ తమ సర్వీసులో ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఎండనక, వాననక, గుంత అనక, గతుకు అనక, ఎవరు ఎటు తిప్పితే అటు తిరిగారు. ప్రభుత్వోద్యోగికి ఇంతకు మించిన ఆదర్శం లేదు. వీరు తమ శేషజీవితం ప్రశాంతంగా గడపాలని ఆకాంక్షిస్తున్నాను."

చప్పట్లు కొట్టారు. అందరికీ మిక్చర్, జిలేబీ పంచారు. టైర్ల ముందు కూడా ఆకుల్లో పెట్టారు. కాసేపటికి ఒక మేక వచ్చి వాటి వాటా తినేసింది.

సభ అయ్యాక తౌడు జాకీ పెట్టి టైర్లు విప్పాడు. కారు ఇటుకల మీద నిలబడింది. ఇంక కొత్తవి ఎప్పుడని అడిగాను. వరదరాజులు గారు నాకేసి జాలిగా చూశారు.

"ఖాళీలు ఏర్పడ్డాయి. ఖాళీలు భర్తీ చేయడానికి పద్ధతి ఉంది. అంతవరకూ పని ఆగకూడదు కనుక తాత్కాలిక ఏర్పాటు చేశాం." ఒక కాయితం తౌడు చేతికిచ్చారు.

తౌడు కూడబలుక్కుని చదివాడు. డిక్కీలో ఉన్న స్టెపినీకి ఖాళీ అయిన నాలుగు స్థానాల పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది.

"ఇదేటండీ బాబూ! ఒక్క సెక్రం నాలుగు సోట్ల ఎలగుంటాది?"

"ఎందుకుండదూ? నేను మూడు సెక్షన్లు చూడటం లేదా?"

"మీరు సూసినా సూడకపోయినా ఎవులికీ తెల్దండి. సెక్రం లేకపోతే కారు పడిపోద్ది."

"నీ పని బండి నడపడం. నడుపు."

"నాను సర్కసులో సెయ్యలేదు సార్, పశువులాస్పత్రిలో సేస్తన్నాను."

ఆ మాటకు తౌడుకు ఒక మెమో. అదనపు బాధ్యతలు స్వీకరించనందుకు స్టెపినీకి ఒక మెమో.

మేం ఊరుకుంటామా? బజారులో టైర్ల కొట్టు మస్తాన్ దగ్గరికి పోయి మాట్లాడాం. అతను మర్యాదస్తుడు. "పశువుల కోసం కదన్నా, నాలుగు మంచివి ఊరికే ఇస్తాను, బిగించుకోండి" అన్నాడు. బండిలో వేసుకుని ఆవరణకు తెచ్చాం. తౌడు స్పానరు తీశాడో లేదో మేడ మీంచి వరదరాజులు గారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"ఆపండి! నోటిఫికేషన్ లేకుండా, పరీక్ష లేకుండా నలుగుర్ని ఉద్యోగాల్లోకి దూరుస్తారా? దీన్నేమంటారో తెలుసా? దొడ్డిదారి నియామకం! నన్ను జైల్లో పెట్టిస్తారా?"

ఆయన భయం నిజమే. మా సంఘం ఈ ఆవరణలోనే దొడ్డిదారి నియామకాల మీద ధర్నా చేసి ఆయన్ని తిట్టింది. ఆ తిట్లు ఆయన గుర్తుపెట్టుకున్నారు. టైర్లు మళ్లీ బండెక్కాయి.

* * *

నోటిఫికేషన్ పడింది. కారు టైరు పోస్టులు నాలుగు: ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. స్థానికులకు ప్రాధాన్యం. శాఖలో అయిదేళ్ల అనుభవం తప్పనిసరి, దరిదాపుల్లో ఉన్నవారికి సడలింపు కలదు. ఇంటర్వ్యూ ఉంటుంది.

ఆ రోజు మస్తాన్ నిగనిగలాడే నాలుగు టైర్లు తుడిచి తెచ్చాడు. వాటి ఒంటి మీద కొత్త రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. ఎవరో రైతు ట్రాక్టరు టైరొకటి దొర్లించుకొచ్చాడు గానీ అర్హత ఎక్కువైందని గుమ్మంలోనే వెనక్కి పంపారు. మస్తాన్ టైర్లను నాలుగు కుర్చీల్లో కూర్చోబెట్టారు. అతన్ని మాత్రం కూర్చోమనలేదు. ఎదురుగా విశ్వంభర్ గారు, వరదరాజులు గారు. ప్రజాసంఘాల ప్రతినిధిగా నన్ను మూల బల్ల మీద కూర్చోనిచ్చారు.

విశ్వంభర్ గారు మొదటి టైరు వైపు వంగారు. "మీ బలహీనత ఏమిటో చెప్పండి."

టైరు మాట్లాడలేదు.

"మేకులు సార్" అన్నాడు మస్తాన్.

"నిజాయితీ ఉంది" అని ఆయన మార్కులు వేసుకున్నారు. "అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"ఏ పాకో ఎగిరిపోకుండా పైన బరువు పెడతారు సార్."

"ఉన్నత స్థానానికి చేరాలన్న తపన. బాగుంది. అనుభవం ఎంత?"

"అనుభవమేంటి సార్? ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే వచ్చాయి. కొత్తవి సార్ ఇవి!"

విశ్వంభర్ గారు వరదరాజులు గారి వైపు, వరదరాజులు గారు రూలు వైపు చూశారు.

"అంటే ఒక్క కిలోమీటరు కూడా పనిచేసిన అనుభవం లేదు" అన్నారు వరదరాజులు గారు.

"కొత్త టైర్లకు అనుభవం ఎలా ఉంటుంది సార్? అనుభవం ఉంటే అవి పాత టైర్లవుతాయి కదా!"

"వాదించకు. కొండదారి. డాక్టరు ప్రాణం. అలాంటి బాధ్యత ముక్కూ మొహం తెలియని కుర్రవాళ్లకు అప్పగించమంటావా?"

నేను లేచాను. "సార్, పాతవి అరిగినందుకే కదా కొత్తవి కావాలన్నది?"

"సరిగ్గా అదే చెబుతున్నాను. అనుభవం ఉన్న కొత్తవాళ్లు కావాలి" అన్నారు విశ్వంభర్ గారు.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడిన తౌడుకు తిక్క రేగింది. విసురుగా బయటికి పోయి, షెడ్డులో శాలువాలతో పడి ఉన్న నాలుగు పాత టైర్లనూ ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి బల్ల ముందు పడేశాడు.

"ఇయిగోండి! అనుబవం కావాలన్నారు గదా, ఈటికున్నంత అనుబవం జిల్లాలో మరేటికీ నేదు. నాలుగేళ్లు ఇదే కారుకి, ఇదే దార్ల తిరిగినాయి. పెట్టుకోండి!"

వాళ్లను సిగ్గుపడేలా చెయ్యాలని వాడి ఉద్దేశం. నేనూ అదే అనుకుని చంకలు గుద్దుకున్నాను. విశ్వంభర్ గారు కళ్లద్దాలు పెట్టుకుని టైర్లను పరిశీలనగా చూశారు.

"స్థానికులేనా?"

"స్థానికులే సార్. శాఖ గురించి పూర్తి అవగాహన ఉంది. నాలుగేళ్లంటే దరిదాపుల్లోకే వస్తారు, సడలింపు ఇవ్వొచ్చు" అన్నారు వరదరాజులు గారు.

"శుభం. విరమణ పొందిన సిబ్బందిని కాంట్రాక్టు ప్రాతిపదికన తిరిగి తీసుకునే వెసులుబాటు ఉండనే ఉంది."

మస్తాన్ తన టైర్లను కుర్చీల్లోంచి దింపుకున్నాడు. గుమ్మం దాటుతూ నా చెవిలో, "అన్నా, మా అబ్బాయి డిగ్రీ అయి రెండేళ్లయింది. ఉద్యోగం ఎందుకు రావడం లేదో నాకు ఇవాళ తెలిసింది" అన్నాడు.

పోనీ, పాతవే అయినా కారు కిందికి వస్తాయి కదా అనుకున్నాం. రాలేదు. వైద్య కారణాలతో విరమించినవారు శారీరక శ్రమ చేయకూడదట. సలహాదారులుగా మాత్రమే ఉండాలట. వాటికి మేడ మీద ఏసీ గది ఇచ్చారు. బయట బోర్డు కూడా పెట్టారు: 'సలహాదారులు (రవాణా)'. కారు ఇటుకల మీదే ఉంది.

* * *

దిబ్బగూడ నుంచి కబురొచ్చింది. బంగారికి పొదుగు దిగింది. ఇవాళో రేపో, మహా అయితే ఇంకో నాలుగు రోజులు.

అదే రోజు కొత్త ఉత్తర్వు కూడా వచ్చింది. కారు కదలడం లేదన్న ఫిర్యాదుకు విశ్వంభర్ గారు కనిపెట్టిన పరిష్కారం అది. సలహాదారులతో సుదీర్ఘంగా చర్చించి తీసుకున్న నిర్ణయమని పైన రాశారు. "పశువులకు నాలుగు కాళ్లు కలవు. కారుకు ప్రస్తుతం చక్రములు లేవు. కావున కాళ్లు కలిగినదే చక్రములు లేనిదాని వద్దకు రావలెను. చికిత్స అవసరమైన పశువులన్నీ ఇకపై స్వయంగా కార్యాలయ ఆవరణలో హాజరు కావలెను. ఈ చక్రరహిత వైద్య విధానము రాష్ట్రానికే ఆదర్శము." ఈ విధానానికి రాజధానిలో ఆయనకు సన్మానం కూడా ఖాయమైంది. సోమవారం సాయంత్రానికి అక్కడ ఉండాలి.

సంఘం ఆఫీసులో ఈ ఉత్తర్వు నేను గట్టిగా చదివి వినిపించాను. నరసాయమ్మ లేచింది.

"నిండు సూడిదాన్ని ఆ రాళ్ల దార్న దింపితే దార్లోనే పడిపోద్ది బాబూ. దింపకపోతే ఇంటికాడ సూసీవోల్లు నేరు. ఎటు సూసినా నా గేదికే సావు."

"ఘెరావ్ చేద్దాం", "తాళాలేద్దాం" అని కుర్రాళ్లు అరిచారు. నేను వద్దన్నాను. ఇన్నేళ్ల సంఘం చరిత్రలో మొట్టమొదటిసారి ప్రభుత్వ ఉత్తర్వును అక్షరం పొల్లుపోకుండా పాటించాలని ప్రతిపాదించాను. పశువులన్నీ అన్నాడు కదా. అన్నీ వస్తాయి. చేతులన్నీ లేచాయి.

నరసాయమ్మ మాత్రం చెయ్యెత్తలేదు. నా దగ్గరికొచ్చి, "మీ పోరాటం మీది బాబూ. డాట్రమ్మ కోసం దింపుతాను గానీ, నా గేదికేటైనా అయితే నిన్నొగ్గను" అంది. ఉత్తర్వులు చించడం నాకు అలవాటు. చూడి గేదెను కొండ దింపడం నాకేం తెలుసు?

శనివారం చల్లపొద్దున బంగారిని దింపడం మొదలుపెట్టారు. ముందు ఇద్దరు రాళ్లు ఏరుకుంటూ, పక్కన ఇద్దరు ఆనుకుని, వెనక నరసాయమ్మ. వంపు దగ్గర గడ్డి పరిచారు. అది రెండడుగులు వేసి ఆగితే ఊరంతా ఆగింది. సగం దారిలో పాకలో ఒక పూట పడుకోబెట్టారు. నరసాయమ్మ దాని చెవి దగ్గర కూర్చుని, "ఇప్పుడొద్దే తల్లీ, ఆఫీసుకెల్లినాక ఈనుదువుగాని. ఇక్కడీనితే రూల్సొప్పుకోవు" అని బతిమాలుతూనే ఉంది.

సోమవారం పొద్దున పది గంటలకు చీపులపేట రోడ్డు కనిపించలేదు. గేదెలు, ఆవులు, ఎద్దులు, మేకలు, గొర్రెలు, ఒక గాడిద. గాలికుంటు ఉన్నవి, లేనివి, కుంటేవి, దగ్గేవి, ఏమీ లేకపోయినా ఉత్తర్వు మీద గౌరవంతో వచ్చినవి. గేటు దగ్గర జవాను టోకెన్లిద్దామని చూసి ఒక ఎద్దు కళ్లల్లోకి చూశాక మనసు మార్చుకున్నాడు. అన్నీ లోపలికొచ్చాయి. మెట్ల మీద మేకలు. సైకిలు స్టాండులో గొర్రెలు. సలహాదారుల గది ముందు గాడిద. జనమంతా ఒక్క నినాదం కూడా ఇవ్వలేదు, ఇవ్వొద్దని నేనే చెప్పాను. అవసరం లేకపోయింది, పశువులు బాగా అరుస్తున్నాయి.

పోర్టికోలో విశ్వంభర్ గారి పెద్ద కారు సిద్ధంగా ఉంది. ఆయన కొత్త సూటులో మెట్లు దిగుతున్నారు. సరిగ్గా అప్పుడే బంగారి ఆయన కారు వెనకాలకు వచ్చి, నీడ బాగుందనుకుందో ఏమో, ముందుకాళ్లు మడిచి కూలబడింది. నీళ్ల తిత్తి పగిలింది.

"డాట్రమ్మా!" అని నరసాయమ్మ పెట్టిన కేకకు మేకలు కూడా నోరు మూశాయి.

హైమవతి పరుగెత్తుకొచ్చింది. భుజందాకా తొడుగు వేసుకుని నేల మీద బోర్లా పడుకుని చెయ్యి లోపల పెట్టింది. కళ్లు మూసుకుంది. "తల వెనక్కి తిరిగింది. పోయినసారిలాగే" అంది.

నరసాయమ్మ గేదె తల ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

"ఏమిటిది? కారు ఎలా తీయాలి? దీన్ని పక్కకు జరపండి!" అన్నారు విశ్వంభర్ గారు.

"జరిపితే చస్తుంది సార్" అంది డాక్టరమ్మ కళ్లు తెరవకుండా. "తౌడూ, తాడు. మెల్లగా. నేను చెప్పేదాకా లాగొద్దు."

"నేను రాజధాని చేరాలి! సన్మానం!"

ఆవిడ వినలేదు. మోచేయి లోపల తిరుగుతోంది, చెమట కారి కళ్లల్లోకి పోతోంది. "దొరికింది. దవడ దొరికింది. ఇప్పుడు లాగు తౌడూ. దాని నొప్పితో పాటే. ఆగు. మళ్లీ." రెండు గిట్టలు వచ్చాయి. వాటి మధ్య నల్లటి ముట్టె. తర్వాత జర్రున మొత్తం దూడ, విశ్వంభర్ గారి కారు బంపరు కింద.

కదల్లేదు. డాక్టరమ్మ దాని ముక్కుల్లో జిగురు తీసి, గడ్డితో ఒళ్లు రుద్ది, వెనక్కాళ్లు పట్టుకుని ఒక్క ఊపు ఊపింది. అప్పుడు తుమ్మింది. పెయ్యదూడ. నరసాయమ్మ బావురుమంది. ఏడుస్తూనే నా వీపు మీద చెళ్లున చరిచి, "బతికిపోనావు బాబూ!" అంది. నేనా, గేదా, దూడా అన్నది చెప్పలేదు.

"సరే, అయింది కదా" అన్నారు విశ్వంభర్ గారు గడియారం చూసుకుంటూ. "ఇక లేపండి."

"మాయ పడాలి సార్. తర్వాత అదే లేవాలి. సాయంత్రం కావొచ్చు" అని హైమవతి తొడుగు విప్పుతూ లేచింది. "తర్వాత వెనకాల ఉన్నవి చూడాలి. ఇవి ఈ మండలంవే. పక్క మండలాలవి దారిలో ఉన్నాయట."

"ఇన్ని పశువులు ఇక్కడికెందుకు రావాలి? నువ్వు వాటి ఊళ్లకు వెళ్లి చూడలేవా?"

ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా చాలా వినయంగానే చెప్పింది. "కారుకు టైర్లు లేవు సార్."

విశ్వంభర్ గారు చుట్టూ చూశారు. గేటు దాకా కొమ్ములే. ఒక మేక ఆయన సూటు అంచు నములుతోంది. సలహాదారుల గదిలోంచి ఏ సలహా రాలేదు. వరదరాజులు గారు మేడ మీంచి "సార్, నిబంధనల ప్రకారం..." అని మొదలుపెట్టారు.

"నోర్మూయవయ్యా!" అని విశ్వంభర్ గారు ఫోను తీసి మస్తాన్ కొట్టుకు కలిపారు. కంగారులో స్పీకరు నొక్కేశారేమో, అందరికీ వినిపించింది.

"టైర్లు నాలుగు పంపించు. ఇప్పుడే!"

"ఏ కంపెనీవి సార్? ట్యూబుతోనా, ట్యూబు లేకుండానా? కొండదారికైతే వేరే రకం ఉంది సార్, చూసి ఎంచుకుంటారా?"

"ఎంచుకునేదేముందయ్యా! నల్లగా, గుండ్రంగా ఉంటే చాలు!"

మస్తాన్ కొండదారి రకమే పట్టుకొచ్చాడు. గొర్రెల మధ్య దారి చేసుకుంటూ ఒక్కొక్కటే దొర్లించి, షెడ్డులో ఇటుకల మీదున్న చిన్న కారు దగ్గరికి చేర్చాడు. తౌడు జాకీ పెట్టాడు.

"టైర్లు వచ్చేశాయి కదా, ఇక పశువుల్ని తోలుకెళ్లమను" అని విశ్వంభర్ గారు నాతో అన్నారు. ఆయన నన్ను ఒకటి అడగడం అదే మొదలు.

నరసాయమ్మ ఆయనకేసి తలెత్తైనా చూడలేదు. దూడ మూతి పొదుగుకు అందిస్తూ, "నట్లు బిగించనీ బాబూ. బిగించినాక, ఆ కారు మా ఊరెల్లి తిరిగొచ్చినాక లెగుస్తాం" అంది.